డబ్బా కారుకు కాపలా

మొన్న ఆదివారం పొద్దుగాల మా తమ్ముని కొడుకు శ్రవణ్ ఒక పాత డీజిల్ కారు తెచ్చి కామారెడ్డిల మా ఇంటి ముంగట నిలవెట్టిండు. ఒకటే హారన్. నేను చాయ్ గిలాస చేతుల వట్టుకొని గేటు కాడికి పోయిన. ఎండి రంగు కారు, ఎనుక పొడుగు డిక్కీ, సీట్లకు కొత్త కవర్లు, అద్దానికి వేలాడే సెంటు బుడ్డి. "అత్తా, ఎట్లుంది చెప్పు? పన్నెండేండ్ల బండి అంటే ఎవలన్న నమ్ముతరా? రేపు బయానా ఇస్తున్న" అన్నడు. వాని మొకంల ఒకటే ఎలుగు. పెండ్లిపిలగానికి గూడ అంత సంబురం ఉండది. ఆ ఎలుగు నాకు కొత్త గాదు. మా బాపు మొకంల మూడేండ్లు చూసిన దాన్ని. అది మనిషిని ఎక్కడిదాంక తీస్కపోయి ఎక్కడ రోడ్డు మీద ఇడిసిపెడతదో నాకు ఎరికే.

"బానెట్ తియ్యి" అన్న. వాడు నవ్విండు. రిటైరైన లెక్కల టీచరమ్మ, మోకాళ్లకు నూనె రాసుకుంట తిరిగెటామె బానెట్ తియ్యిమంటే నవ్వడా మరి! "నువ్వు పోయేసరికి అమ్మెటోడు బండి స్టార్ట్ చేసి ఉంచిండా?" అనడిగిన. "ఔ అత్తా, మంచోడు. లోపల ఏసీ సల్లగ కావాలని ముందే స్టార్ట్ చేసి వెట్టిండు" అన్నడు. నీ తెలివి తెల్లారినట్టే ఉన్నదిరా అన్న. ఏసీ కోసం కాదు, రాత్రంత సల్లారిన ఇంజిన్ పొద్దుగాల ఎట్ల మొరాయిస్తదో, ఎంత తెల్లపొగ కక్కుతదో నువ్వు చూడొద్దని. డీజిల్ బండి కొనెటోడు మొట్టమొదలు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలె, ఎచ్చగుంటే మర్లిపోయి తెల్లారి రావాలె. మా మెకానిక్ ఖాదర్ మామ చెప్పిన మొదటి పాఠం అది.

ఇంజిన్ నడుస్తుంటెనే ఆయిల్ పోసే మూత తిప్పి తీపిచ్చిన. పొగ గుప్పుగుప్పుమని వచ్చింది, కట్టెల పొయ్యి లెక్క. చూసినవా, లోపల రింగులు అరిగినయి అన్న. నిలవడ్డ కాడ ఇంజిన్ అట్ల తడవడుతుందంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు చేతులెత్తేస్తున్నయి. నాలుగుంటయి, ఒక్కొక్కదానికి పది పన్నెండు వేలు, మంచియి ఏపిస్తే ఇంకింత. గాలి పైపు తీసి వేలు పెడితే వేలంత నూనె, అంటే ఇంజిన్‌కు గాలి నూకే టర్బో గూడ పోయే తొవ్వల ఉన్నది, నలభై వేలకు తక్కువ ఎవడు ముట్టడు. క్లచ్ తొక్కుమన్న. వాడు కాలు మొత్తం బిగవట్టి తొక్కిండు. అంత గట్టిగుంటే అరిగిపోయినట్టే, క్లచ్చు, దాని ఎనుక చక్రం రెండు కలిపి ఏపియ్యాలె. ముంగట స్పీడు బ్రేకరు ఎక్కిచ్చి దించితే కింద ఇనుప డబ్బాల గవ్వలు ఏసి ఊపినట్టు చప్పుడు. "ఆ అమ్మెటోడు కారు అమ్ముతలేడురా, రోగం అమ్ముతుండు. దవాఖాన బిల్లు నీది" అన్న. వాడు మొకం మాడ్సుకొని "నీకు ఇవన్ని ఎట్ల ఎరుకత్తా?" అన్నడు. "కాపలా కూసొని నేర్చుకున్న" అన్న. వానికి అర్థం కాలె. ఎట్లయితది? మా తమ్ముడు వానికి చిన్నప్పటిసంది ఒక్కటే చెప్పి పెంచిండు, 'మీ తాతకు ఆ కాలంలనే ఎల్లారెడ్డిల కారుండె' అని. ఉండె. నిలవడి ఉండె.

మా బాపుది ఎల్లారెడ్డిల వడ్ల యాపారం. ఊర్లె అందరు సేటూ అని పిలిచెటోళ్లు. తెల్ల లాల్చి, తెల్ల ధోతి, భుజం మీద కండువ, ఇస్త్రీ మడత చెడొద్దు. చేసేది బస్తాలు తూచుడు, గని మొకం చూస్తే కలెక్టర్ లెక్క ఉండేది. మనిషికి వేరే వంక లేకుండె, షోకు తప్ప. స్కూటర్ మీద తిరిగితే గౌరవం లేదని, నిజామాబాద్ దిక్కు ఒక గుత్తేదారు పారేసుకోవడానికి తిప్పలవడుతున్న తెల్ల డీజిల్ కారును కొన్నడు. అది ఎల్లారెడ్డికి ఎట్ల వచ్చిందో నేను నా కండ్లతోని చూసిన. ట్రాక్టర్ ఎనుక తాడు కట్టుకొని వచ్చింది. స్టీరింగ్ ముంగట బాపు కూసొని, బస్టాండు కాడ నిలవడ్డోళ్లకు చెయ్యి ఊపుకుంట వచ్చిండు. ఏమైంది సేటూ అని అడిగినోళ్లకు "కొత్తగ ఇంజిన్ చేపిచ్చిన, ఊకె నడిపి అరగదీసుడెందుకు" అన్నడు. మమ్ములను కన్న అవ్వ పసుపు కుంకుమ వెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు వెట్టింది. ఆ నిమ్మకాయలను తొక్కుడు గూడ దానితోని కాలె. మేము ఆరుగురం ఎనుక నుంచి తోస్తే తొక్కింది.

అప్పుడు నేను కామారెడ్డిల డిగ్రీ చదువుతుంటి, రోజు పొద్దుగాల బస్సుల పోయి పొద్దుమీకి వచ్చేది. నాకు ఒక్కటే పట్టుదల ఉండె, టీచర్ కావాలె. అది గాకపోతే నా గతి ఏందో బాపు ముందే చెప్పిండు. దుకాణంల గల్లాపెట్టె పక్కపొంటి కూసొని బస్తాల చీటీలు రాసుడు. "చదివిన పిల్ల ఇంట్లనే ఉంటే పరాయి గుమాస్త ఎందుకు" అనెటోడు. ఆ దుకాణం వాసన నాకు పడకపోయేది. తౌడు, గోనెసంచి, ఎలుక మందు, వాటి మీద బాపు అత్తరు. అండ్ల నా జిందగీ పోతదేమో అని నాకు నిద్రల గూడ బుగులు ఉండేది. నా చదువు ఒడ్డెక్కాల్సిన ఆ మూడేండ్లే ఈ దిక్కుమాలిన డబ్బా మా ఇంట్ల ఉన్నది.

మా ఇంట్ల పొద్దు ఎట్ల మొదలయ్యేదో చెప్త. ఒకల ఇంట్ల సుప్రభాతం, ఒకల ఇంట్ల రేడియో. మా ఇంట్ల కారు దగ్గు. దాని హీటర్ ప్లగ్గులు, అంటే సల్లటి ఇంజిన్ల ఇంధనం అంటుకునేటట్టు ఎచ్చజేసే పుల్లలు, నాలుగు సచ్చినయి. అవి ఏపిస్తే తీరిపోయేది. బాపు ఏపియ్యలె. సీటు కవర్లు కుట్టిచ్చిండు, ముంగట తళతళ మెరిసే జాలీ పెట్టిచ్చిండు. బయటికి కనవడేదానికే ఆయన చెయ్యి లేసేది. ఇంజిన్ లోపల ఉంటది, లోపలిది ఎవలు చూస్తరు? అందుకే రోజు పొద్దుగాల అవ్వ రొట్టెలు ఇడిసిపెట్టి బొగునల నీళ్లు కాగపెట్టాలె, రేడియేటర్ల పొయ్యాలె. బాపు కట్టెకు పాత గుడ్డ చుట్టి డీజిల్ల ముంచి అంటువెట్టి, గాలి పీల్చే గొట్టం కాడ వట్టెటోడు. తమ్ముడు సెల్ఫ్ కొట్టాలె. పొలానికి పోవాల్సిన కూలోళ్లు పారలు పక్కకు వెట్టి డిక్కీ మీద చేతులేసి నూకాలె. ఇల్లంత నల్లపొగ. ఆరేసిన బట్టలకు, మంచినీళ్ల బిందెకు, అవ్వ రొట్టెలకు గూడ ఆ వాసనే. నేను క్లాసుల కూసుంటే పక్కపిల్ల ముక్కు మూసుకునేది. ఇంత తతంగం ఎందుకంటే, ఇంటి కాడికెళ్లి దుకాణం కాడికి పోనీకె. నడిస్తే అయిదు నిమిషాల తొవ్వ అది.

ఇగ దానికి తాపే డీజిల్ సంగతి. పొలం కాడ బాయి మీద డీజిల్ ఇంజిన్ ఉండేది, దాని కోసం ఇంటెనుక ఒక డ్రమ్ము. మూత సరిగ బిగవకపోయేది, వానలు పడితే నీళ్లు లోపలికి పొయ్యేవి, అడుగున బురద. పొలం ఇంజిన్ ఆ బురద తాగి గూడ డుగుడుగుమని కొట్టుకునేది, మొండిది. బాపు అదే డీజిల్‌ను పాత ధోతి నాలుగు మడతలు ఏసి వడబోసి కార్ల పోసెటోడు. పెట్రోల్ బంకు మా దుకాణానికి ఎదురుంగనే ఉండె, అయినా గూడ! "అది డీజిల్ తాగుతది, ఇది డీజిల్ తాగుతది. ఇంజిన్‌కు కండ్లుంటయా చూసి తాగనీకె?" అనెటోడు. కండ్లు లేవు గని, దాని నాజిళ్లకు సూదిమొనంత రంధ్రాలున్నయి. ఆ రంధ్రాల నుంచి డీజిల్ చిమ్మాలె. నీళ్లు కలిసిన డీజిల్ పోతే ఆ నాజిళ్లు తుప్పువట్టి మూసుకుంటయి, వాటికి డీజిల్ కొట్టే పంపు పాడయితది. కారుల అన్నిటికంటె ఖరీదైన సామాను ఆ పంపే. నాలుగు రూపాయలు మిగిలిచ్చుకోబోయి నాలుగు నెలలకోసారి పంపు ఇప్పిచ్చుకునే తెలివిగల అక్కల్మంతుడు మా బాపు ఒక్కడే గాదు, పొలం ఇంజిన్, డీజిల్ కారు రెండు ఉన్న ప్రతి ఇంట్ల ఇదే బాగోతం.

పంపు పోతే ఎల్లారెడ్డిల చేసెటోడు లేకుండె. కామారెడ్డిల నిజామాబాద్ రోడ్డు మీద ఖాదర్ మామ షెడ్డుకే గుంజుకపోవాలె. అక్కడొక రివాజు ఉండె. బండి ఇడిసిపెడితే ఇంట్లకెళ్లి ఒక మనిషి దాని పక్కపొంటి కూసోవాలె. లేకపోతే మెకానిక్ మంచి సామాను తీసి పాతది ఏస్తడని అందరి భయం. షెడ్డు గోడ పొంటి పాత టైర్లు వరుసగ ఏసి ఉండేవి. ఒక టైరు మీద జీపుకు కాపలా వచ్చిన ముసలాయన, ఇంకో టైరు మీద ట్రాక్టర్‌కు కాపలా వచ్చిన బావమరిది, మూడో టైరు మీద నేను. సద్దిగిన్నెలు తెచ్చుకొని, బీడీలు తాగుకుంట, ఎవల బండి ఇంజిన్ ఎవలు కొట్టేస్తరోనని గుడ్లప్పగిచ్చి చూసుకుంట. అండ్ల ఒక్కనికి గూడ ఏ సామాను ఏందో తెల్వది. వాని ముంగటనే మార్చినా వానికి పతా ఉండది. నన్నెందుకు పంపిండంటే నేను ఎట్లయిన కామారెడ్డిలనే ఉంట గద. కాలేజి ఇడిసినంక ఊకె బస్సు కోసం నిలవడే బదులు కారు కాడ కూసో అన్నడు బాపు. కాలేజి పిల్లలు రోడ్డెంబడి పోతుంటే నేను పుస్తకం మొకానికి అడ్డం పెట్టుకునేది. సిగ్గుతోని సచ్చిపోతుంటి.

ఖాదర్ మామ పొడుగ్గ, సన్నగ ఉండెటోడు, చేతులు మోచేతుల దాంక నల్లగ, గడ్డం తెల్లగ. మొదటి రోజే నన్ను చూసి "బేటీ, నువ్వు గూడ నా మీద చౌకీదారువేనా?" అని నవ్విండు. "కూసో. ఉత్తగ కూసోకు, చూస్తే పూర చూడు" అని ఇప్పిన ప్రతి సామాను నా ముంగట గోనెసంచి మీద పెట్టి పేరు చెప్పెటోడు. గ్యాస్కెట్ ఎట్ల కాలుతదో, కాలితే నీళ్లు నూనెల కలిసి చాయ్ రంగు ఎట్ల వస్తదో, క్లచ్ ప్లేటు వాసన ఎట్లుంటదో అట్లనే తెల్సింది. ఒకరోజు నాజిళ్లు తెల్లకాగితం మీద కొట్టి చూపిచ్చిండు. మంచిది మంచు లెక్క చిమ్మింది, మా కారుది ముసలోడు ఉమ్మినట్టు కారింది. "ఇది డీజిల్ గాదు బేటీ, మీ బాపు దీనికి చెరువు తాపుతుండు" అన్నడు. "మరి చెప్పరాదా మామా ఆయనకు?" అన్న. ఆయన చేతులు తుడుసుకుంట నాదిక్కు చూసిండు. "మొదటి రోజే చెప్పిన. ఇంజిన్ల దమ్ము లేదు సేటూ, అమ్మేసుకో అన్న. ఏమన్నడు తెల్సా? చప్పుడు బయటికి రాకుంట చెయ్యి, సాలు అన్నడు."

అంటే బాపుకు ఎరికే! అది పోయిన బండి అని మొదటి రోజుకెళ్లి ఎరికే. ఎరుక ఉండి మమ్మల్ని తోపిచ్చిండు, అవ్వతోని నీళ్లు కాగపెట్టిచ్చిండు, నన్ను టైరు మీద కూసోవెట్టిండు. ఆ రోజుకెళ్లి ఆయన మీద నాకు ఇజ్జత్ పోయింది. ఎదురు మాట్లాడకపోయేది గని, లోపల మాత్రం థూ అనుకునేది.

ఒకసారి ఎండకాలం మిట్టమధ్యాహ్నం చుట్టాల పెండ్లికి కామారెడ్డి పోతున్నం, బాపు, అవ్వ, నేను. లింగంపేట దాటినంక కారు ఆగింది. చెట్టు లేదు, నీడ లేదు. ఎనుక ఎల్లారెడ్డి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మా ఎరుకలోడే, తల బయటికి పెట్టి "ఏమైంది సేటూ? ఎక్కుండ్రి, జాగ ఉంది" అన్నడు. మా బాపు కండువ సదురుకొని, "ఏం గాలే, జర గాలి కోసం ఆగినం" అన్నడు. ఏం గాలి? వడగాలి! బస్సుల కెళ్లి అందరు చూస్తుండ్రు. అవ్వ పట్టుచీర కొంగుతోని చెమట తుడుసుకుంట రోడ్డు అవుతలి దిక్కు చూసింది. నేనేం తక్కువ తిన్ననా? నేను గూడ మొకం నవ్వుకుంట పెట్టి, నిజంగ గాలి కోసమే దిగినట్టు జడ సదురుకున్న. బస్సు పోయింది. మేము పెండ్లికి పోయేసరికి పందిట్ల కుర్చీలు మడుస్తుండ్రు.

ఇప్పుడు ఈ కాపలా పోయిందనుకుంటరు గావచ్చు. యాడ పోయింది? మొన్న మా ఎదురింటాయన తన కారు సర్వీసింగుకు ఇయ్యబోతే తోడు పోయిన. అద్దాల గది, సోఫాలు, చాయ్ మిషిను, గోడకు టీవీ. టీవీల లోపల పని చేసేది చూపెడుతరట. అండ్ల మన కారు ఏదో, పక్కోని కారు ఏదో తెల్వది, అన్ని తెల్లయే. ఆయన మూడు గంటలు ఆ టీవీని గుడ్లప్పగిచ్చి చూసిండు. నాకు నవ్వొచ్చింది. టైరు పోయి సోఫా వచ్చింది, అంతే. టైరు మీద కూసున్నప్పుడు కనీసం మెకానిక్ మొకమన్న కనవడేది, అడిగితే జవాబు చెప్పెటోడు. ఇప్పుడు టై కట్టుకున్న పిలగాడు బిల్లు తెచ్చి పెడతడు, అండ్ల ఏం మార్చిండ్రో వానికే తెల్వది. మంచిగ చదువుకున్నోళ్లు, ఇంట్ల పప్పు కిలో ఎంతనో పది దుకాణాలు అడిగెటోళ్లు, అక్కడ సంతకం పెట్టి సలాం కొట్టి వస్తరు. అప్పుడు ఇజ్జత్ కోసం బేకారు బండి కొన్నరు, ఇప్పుడు ఇజ్జత్ కోసం బిల్లు గురించి అడగరు. మనిషి ఏం మారిండు?

డిగ్రీ అయింది, ట్రైనింగ్ అయింది. టీచర్ పోస్టులు పడితే రాత పరీక్ష రాసిన. సగం పుస్తకం ఖాదర్ మామ షెడ్డులనే చదివిన అని చెప్పాలె, పేజీలకు గ్రీజు మరకలు. పాసైన. నిజామాబాద్‌ల ఆఫీసుకు పదింటికల్ల అసలు సర్టిఫికెట్లు తీస్కరావాలె అని కార్డు వచ్చింది. రానోళ్ల జాగల జాబితాల కిందోళ్లను తీసుకుంటరని గూడ రాసి ఉండె. నేను ఆరింటి బస్సుకు పోత అన్న. బాపు ఒప్పుకోలె. "నా బిడ్డ టీచర్ అయితాంది. బస్సుల కమ్మీ వట్టుకొని నిలవడి పోతదా? ఆఫీసు ముంగట కార్లకెళ్లి దిగాలె" అన్నడు. అవ్వ "ఈ ఒక్కరోజు బస్సుకు తోలరాదయ్యా" అని బతిలాడింది. వింటే గద! నేను ఒక్కటే అడిగిన, "డీజిల్ బంకుల పోపియ్యి బాపు." సరే అన్నడు. తెల్లారి నేను జడ ఏసుకుంట కిటికిల నుంచి చూస్తే, ఇంటెనుక డ్రమ్ము వంపి అడుగుది వడబోస్తుండు. ఆరింటి బస్సు అప్పటికే పోయింది. నాకు వచ్చిన కోపానికి ఆ ధోతి గుడ్డ మొకాన కొట్టాలనిపిచ్చింది. కొట్టలె. ఎనుక సీట్ల కూసున్న.

కామారెడ్డి దాంక మంచిగనే పోయింది. బాపు అద్దంల నన్ను చూసి "చూసినవా?" అన్నడు. సదాశివనగర్ దాటినంక దగ్గింది. ఇంకోసారి దగ్గి, రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. ఎనిమిది అయింది. బాపు బానెట్ లేపి, పైపులల్ల గాలి పోనీకె పంపు కాడ చేత్తోని కొట్టుడు మొదలువెట్టిండు, డీజిల్ల నీళ్లు వచ్చినయి. ఇప్పుడు, ఇప్పుడు అనుకుంట అరగంట. ఎనుకకెళ్లి నిజామాబాద్ బస్సు వస్తాంది. నేను చెయ్యి ఎత్తబోతే బాపు "ఆపకు బిడ్డా, అయిదు నిమిషాల్ల అయిపోతది. ఇంత దూరం కార్ల వచ్చి బస్సుల దిగితే ఏముంటది ఇజ్జత్" అన్నడు. మూడేండ్ల కోపం ఒక్కసారే ఎల్లింది నా నోట్లకెళ్లి. "నీ ఇజ్జత్ నువ్వే తోసుకో బాపు. నేను పోతున్న" అన్న. అట్ల నేను ఆయనతోని ఎన్నడు మాట్లాడలె. ఆయన మొకం ఏమైందో నేను చూడలె. రోడ్డు నడిమిట్ల నిలవడి చెయ్యి ఎత్తిన, బస్సు జర ముంగటికి పోయి ఆగింది, ఉరికి ఎక్కిన.

కిటికి పక్క సీటు దొరికింది. బస్సు కదిలి కొంత దూరం పోయినంక ఎనుక సీట్లల లొల్లి, నవ్వులు. "ఎవడో ఉరుకుతుండు, ఆపుండ్రి, పడేటట్టున్నడు" అంటుండ్రు. నా ఒడి చూసుకున్న. చేతుల పర్సు తప్ప ఏం లేదు. సర్టిఫికెట్ల ఫైలు కారు ఎనుక సీట్లనే ఇడిసిపెట్టిన. కండక్టరు విజిలేసిండు, బస్సు ఆగింది. బాపు ఉరికొస్తుండు. ఏనాడు రోడ్డు మీద అడుగు జోరుగ ఏయని మనిషి ధోతి మోకాళ్ల మీదికి ఎగజెక్కి, ఒక కాలుకు చెప్పు లేకుంట, మోచేతుల దాంక నల్లనూనెతోని ఉరికొస్తుండు. ఫైలుకు మరకలు అంటొద్దని తెల్ల కండువల చుట్టి రెండు చేతుల మీద పట్టుకున్నడు. నా కిటికి కాడికి వచ్చి అందిచ్చిండు, ఊపిరి అందుతలేదు. బస్సంత లేసి చూస్తాంది. నా ముంగట సీటు పొంటి నాలెక్కనే ఫైళ్లు వట్టుకున్నోళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నరు, రేపు నాతోని ఉద్యోగం చేసెటోళ్లు. కండక్టరు నిజామాబాదాయన, మేమెవలమో ఎరుక లేదు. "ఎవరమ్మా ఈయన?" అనడిగిండు.

"మా కారు డ్రైవర్" అన్న.

బాపు ఇన్నడు. కిటికి కాడనే ఉన్నడు, ఇనకుంట ఎట్లుంటడు? నాదిక్కు చూసిండు. తర్వాత కండక్టరు దిక్కు తిరిగి, "ఔ సారు. మా సేటు బిడ్డ. పదింటికి ఆఫీసుల ఉండాలె, జర టైంకు దించుండ్రి" అని చేతులు జోడిచ్చిండు.

పదింటికి ఇంకా పావుగంట ఉండంగనే దిగిన. ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాంక చేసిన. పొద్దుమీకి ఇంటికి పోతే బాపు అరుగు మీద కూసొని ఉన్నడు, చేతులు కడుక్కున్నడు, ఇస్త్రీ లాల్చి తొడుక్కున్నడు. "పనైందా బిడ్డా?" అన్నడు. "అయింది" అన్న. అంతే. ఆయన సచ్చిపోయేదాంక ఆ మాట ఆయన ఎత్తలె, నేను ఎత్తలె. అవ్వకు గూడ చెప్పలేదని ఆమె మాటల తీరును బట్టే నాకు తెల్సింది.

మా బాపు కారు కథ నేను స్టాఫ్ రూముల చెప్పిన, పెండ్లిళ్లల చెప్పిన, బస్టాండ్లల చెప్పిన. ట్రాక్టర్ తాడు, నిమ్మకాయలు, గాలి కోసం ఆగుడు, డ్రమ్ముల చెరువు, అన్ని ఆయన లెక్కనే గొంతు మార్చి చెప్తే జనాలు కడుపు వట్టుకొని నవ్వెటోళ్లు. ఎప్పుడు చెప్పినా నేను బస్సు ఎక్కేదాంకనే చెప్పిన.